పేరున్న ‘నేను’, పేరులేని ‘అతడు’: ‘ఐ యామ్ హ్వాకీన్’, ‘గబ్బిలం’ కావ్యాలలో వక్త స్థానం

గుర్రం జాషువా ‘గబ్బిలం’ 1941లో వెలువడింది. రొడాల్ఫో ‘కోర్కీ’ గొంజాలెస్ ‘ఐ యామ్ హ్వాకీన్’ 1967లో వెలువడింది. మొదటిది మద్రాసు రాజధానిలో, ఛందోబద్ధ పద్యంలో, ఒక సంస్కృత కావ్యాన్ని మాతృకగా చేసుకుని వచ్చిన రచన. రెండవది అమెరికాలోని డెన్వర్ నగరంలో, ఒక ఉద్యమ సంస్థ కార్యకర్తల మధ్య, వచన పంక్తులలో పుట్టిన రచన. రెండూ దీర్ఘ కావ్యాలే. సమాజం వెలివేసిన మనిషికి గొంతు ఇచ్చినవిగా రెండింటికీ పేరుంది. ‘అస్తిత్వ కవిత్వం’ అన్న ఒకే గొడుగు కిందికి ఇటువంటి రచనలను చేర్చి, సామ్యాలను వరుసగా పేర్కొని, భేదాలను చివరి పుటలో రెండు వాక్యాలతో సరిపెట్టడం మన తులనాత్మక పరిశోధనల్లో అలవాటుగా మారింది. ఆ పద్ధతిలో చదివినప్పుడు అత్యంత మౌలికమైన ప్రశ్న వెనుకబడుతుంది. ఈ కావ్యాలలో మాట్లాడుతున్నది ఎవరు? ఏ పురుషలో మాట్లాడుతున్నారు? ఎవరితో మాట్లాడుతున్నారు? ఈ ప్రశ్నను ముందుకు తెస్తే రెండు కావ్యాలూ దాదాపు ఎదురెదురు దిక్కులకు నడిచినవని తేలుతుంది. ‘గబ్బిలం’ సాధించిన పని ఏమిటో కూడా అప్పుడే స్పష్టమవుతుంది.

తెలుగు పాఠకులకు తక్కువ పరిచయమున్నది కనుక ముందుగా హ్వాకీన్ సంగతి. గొంజాలెస్ 1928లో డెన్వర్‌లో పుట్టాడు. కొలరాడో బీటుదుంప పొలాల కూలీ జీవితం తెలిసిన కుటుంబం అతనిది. యువకుడిగా వృత్తి ముష్టియోధుడు. తరువాత కొంతకాలం డెమొక్రాటిక్ పార్టీలో పనిచేసి, ఆ రాజకీయాలతో విసిగి, 1966లో ‘క్రుసేడ్ ఫర్ జస్టిస్’ అనే సంస్థను స్థాపించాడు. కాలిఫోర్నియాలో సెసర్ చావెజ్ నాయకత్వాన ద్రాక్షతోటల కూలీల సమ్మె 1965 నుంచి సాగుతోంది. మెక్సికన్ మూలాలున్న అమెరికన్ యువత తమను తాము ‘చికానో’ అని పిలుచుకోవడం మొదలుపెట్టిన కాలమది. అంతవరకు నిందార్థంలో వాడిన ఆ మాటను వారే ఎత్తుకుని జెండాగా పట్టుకున్నారు. గొంజాలెస్ కావ్యం సభల్లో, కార్మికుల గుమికూడికల్లో గొంతెత్తి చదివేందుకు పనికివచ్చింది. 1969లో లూయీస్ వాల్డెజ్ ‘తియాత్రో కాంపెసీనో’ బృందం దాన్ని చిన్న చలనచిత్రంగా తీసింది. 1972లో ఇంగ్లీషు, స్పానిష్ పాఠాలు కలిసి పెద్ద ప్రచురణ సంస్థ ద్వారా వెలువడ్డాయి.

కావ్యవస్తువును క్లుప్తంగా చెప్పవచ్చు. ఆంగ్ల శ్వేత సమాజపు సుడిలో దారితప్పినవాడిగా హ్వాకీన్ తనను తాను పరిచయం చేసుకుంటాడు. కడుపు నింపుకుని ఆత్మను పోగొట్టుకోవడమా, ఆకలితోనైనా ఆత్మను నిలుపుకోవడమా అన్న సంకటం అతనిది. దానికి జవాబు వెతుకుతూ తన జనుల వలయంలోకి, అక్కడి నుంచి చరిత్రలోకి వెనుదిరుగుతాడు. ఆజ్టెక్ ప్రభువు క్వావ్తేమోక్ తానే అంటాడు. ఆ రాజ్యాన్ని కూల్చిన స్పానిష్ దండయాత్రికుడు కోర్టెస్ కత్తి కూడా తనదే అంటాడు. 1810లో స్వాతంత్ర్య ఘోష చేసిన మతగురువు ఇదాల్గో, ఆదివాసీ కుటుంబంలో పుట్టి అధ్యక్షుడైన బెనీతో హ్వారెజ్, రైతు విప్లవ నాయకులు విల్లా, సపాతా, వారిని వేటాడిన గ్రామీణ పోలీసులు, అందరూ ఆ ఒక్క ‘నేను’లోకి వచ్చి చేరుతారు. 1848 నాటి గ్వాదలూపె ఇదాల్గో సంధి మాట తప్పిందని గుర్తుచేస్తాడు. నార్మండీ, కొరియా, వియత్నాం నేలల మీద తనవారు చిందించిన రక్తాన్ని లెక్క చూపుతాడు. చివరికి నిలిచి ఉంటానన్న ప్రతిజ్ఞ చేస్తాడు. కావ్యరచన తనకు చరిత్రలోకి చేసిన ప్రయాణమనీ, బాధాకరమైన ఆత్మపరీక్ష అనీ కవి ముందుమాటలో చెప్పుకున్నాడు.

ఇక్కడ ఆగి ఆ పేరును పరిశీలించాలి. హ్వాకీన్ అనే పేరు ఎక్కడిది? 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. ఆ వెంటనే వచ్చిన తెల్లజాతి గనికార్మికులు మెక్సికన్లను తరిమికొట్టడం మొదలుపెట్టారు. 1850లో విదేశీ గనికార్మికుల మీద భారీ నెలసరి పన్ను విధించారు. సొనోరా ప్రాంతం నుంచి వచ్చిన హ్వాకీన్ మురియెటా అనే మనిషి బందిపోటుగా మారాడని కథ. ఎంతవరకు నిజమో, ఎంతవరకు ఐతిహ్యమో చరిత్రకారులు నేటికీ విడదీయలేకపోతున్నారు. 1853లో కాలిఫోర్నియా శాసనసభ అతన్ని పట్టుకోవడానికి ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసింది. ఆ ఉత్తర్వు పేర్కొన్నది ఒక్క మనిషిని కాదు. హ్వాకీన్ అన్న పేరే కలిగిన ఐదుగురిని, ఐదు వేర్వేరు ఇంటిపేర్లతో, ఒకే జాబితాలో పెట్టింది. కొన్ని నెలలకు దళం ఒక తలను తెచ్చి ఇదే హ్వాకీన్ తల అన్నది. సారాయి నింపిన గాజుసీసాలో ఆ తలను ఊరూరా ప్రదర్శించారు. మరుసటి ఏడు, 1854లో, చెరోకీ జాతికి చెందిన రచయిత జాన్ రోలిన్ రిడ్జ్ ఆ కథను నవలగా రాశాడు.

అంటే ‘హ్వాకీన్’ను సామూహిక నామంగా మొదట వాడినది ప్రభుత్వమే. ఆ పేరున్నవాడు ఎవడైనా బందిపోటే అన్న తర్కం దానిది. నూరేళ్ల తరువాత కవి ఆ తర్కాన్నే తిప్పి పట్టుకున్నాడు. పేరు ఒక్కటే అయినప్పుడు మనుషులందరూ ఆ ఒక్కడే అన్నాడు. పోలీసు జాబితాలోని గంపగుత్త నామం కావ్యంలో జాతి నామమైంది. గొంజాలెస్ కావ్యానికున్న అసలు సాహసం ఇక్కడ ఉందని నా అభిప్రాయం. వీరుల పేర్ల వరుసలో అంత విశేషం లేదు. అటువంటి వరుసలు ప్రతి జాతీయోద్యమ కవిత్వంలోనూ దొరుకుతాయి.

గంపగుత్తగా ఒక సమూహాన్ని నేరంతో నామకరణం చేయడం కావలి ప్రాంతానికి కొత్త సంగతి కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికి విస్తరించిన తరువాత, ఎరుకల కుటుంబాలను నిర్బంధంగా ఉంచిన సెటిల్మెంట్లలో ఒకటి కావలిలో నడిచింది. నిర్వహణ అమెరికన్ బాప్టిస్టు మిషన్ది. బాపట్ల సమీపాన స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఉన్నట్లే ఇది బాప్టిస్టుల చేతిలో ఉండేది. ఆ చట్టం కింద మనిషి ఏ నేరం చేశాడన్న ప్రశ్న అనవసరం. ప్రకటిత జాతిలో పుడితే చాలు, పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంది, వేలిముద్ర పడుతుంది, హాజరు చెప్పుకోవాలి. స్వతంత్ర భారతంలో 1952లో ఆ చట్టం రద్దయ్యేదాకా జన్మే నేరానికి రుజువు. కాపలా అన్న అర్థమున్న మాటే పేరైన ఊరికి ఆ నిర్బంధ శిబిరం దక్కడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ రిజిస్టర్లలోని మనుషులకు ‘ఐ యామ్ హ్వాకీన్’ వంటి కావ్యం మాత్రం తెలుగులో రాలేదు. జాతిని నేరస్థగా పిలిచిన పేరును ఎత్తుకుని, అవును నేనే అని గర్జించే ఉత్తమ పురుష మన సాహిత్యంలో చాలా ఆలస్యంగా వచ్చింది. ఎందుకు ఆలస్యమైందో ‘గబ్బిలం’ నిర్మాణమే చెబుతుంది.

‘గబ్బిలం’లో కథానాయకుడికి పేరు లేదు. అతడు తంజావూరు ప్రాంతపు అరుంధతీ సుతుడు. మాదిగలు తమ ఆడపడుచుగా చెప్పుకునే అరుంధతి పేరుతో ఏర్పడిన కులసంకేతం తప్ప వ్యక్తినామం ఎక్కడా కనిపించదు. దీన్ని సందేశ కావ్య సంప్రదాయంగా కొట్టివేయవచ్చునన్న ఆక్షేపణ సహజం. కాళిదాసు యక్షుడికీ పేరు లేదు కదా. నిజమే. అయితే కాళిదాసు యక్షుడికి శాపం ఒక్క ఏడాది. అలకాపురిలో ఇల్లుంది, ఎదురుచూసే భార్య ఉంది, గడువు తీరితే తిరిగి వెళ్లే దారి ఉంది. పేరు చెప్పకపోయినా అతని ఉనికికి లోటు లేదు. జాషువా నాయకుడి శాపానికి గడువు లేదు, శపించినవాడెవరో తెలియదు, ప్రవాసం పుట్టిన ఊళ్లోనే. ఏ అపరాధానికి ఈ శిక్ష అని కర్మసిద్ధాంతాన్నే అతడు నిలదీస్తాడు. పేరులేకపోవడమనే పాత కావ్యమర్యాద ఈ సందర్భంలోకి రాగానే సామాజిక పత్రంగా మారింది. వర్ణవ్యవస్థ ఇతనికిచ్చిన పేరు ‘పంచముడు’. అది పేరు కాదు, ఒక సంఖ్య. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచమ శబ్దాన్ని తోసిపుచ్చి ‘ఆది ఆంధ్ర’ అన్న పేరును స్వీకరించింది. ఈ నామ వివాదం నడుస్తున్న కాలంలోనే జాషువా ఆ రెండింటినీ పక్కన పెట్టి అరుంధతిని ఎంచుకోవడం గమనించదగ్గది. వశిష్ఠుని భార్య పేరుతో పిలిస్తే అగ్రవర్ణ పాఠకుడికి అతన్ని తిరస్కరించడం కష్టమవుతుంది. ప్రతి వివాహంలోనూ చూపించే నక్షత్రం కొడుకు ఇతడు.

ఇక పురుషల సంగతి. కావ్యారంభంలో కవి ఈ మనిషిని మనకు ప్రథమ పురుషలో చూపిస్తాడు. అతని రెక్కల మీద ఆధారపడిన సేద్యాన్ని, అతని శ్రమను పీల్చుకునే దేశాన్ని, చాతుర్వర్ణ్యమనే నాలుగు పడగల పామును వర్ణిస్తాడు. రాత్రి గుడిసెలోకి గబ్బిలం వస్తుంది. అప్పుడు ఆ మనిషి మాట్లాడతాడు. ‘నేను’ అంటాడు, కానీ ‘నీవు’తో. గబ్బిలానికి ఆజ్ఞలిస్తాడు, దారి చెబుతాడు, బతిమాలుతాడు. అది శివుని దగ్గరకు వెళ్లి చెప్పాలి. చెప్పేటప్పుడు ఆ ‘నేను’ మళ్లీ ‘అతడు’ అవుతుంది. ప్రథమ పురుషతో మొదలై, ఉత్తమ పురుషను తాకి, తిరిగి ప్రథమ పురుషకు చేరవలసిన కథనం ఇది. మధ్యలో పూజారి ఉన్నాడు. అతడు దగ్గర లేని సమయం చూసి చెప్పమని నాయకుడు హెచ్చరిస్తాడు. ఒక నిమిషం పాటు దొరికిన ‘నేను’ మూడవ చెవిన పడకూడదు.

హ్వాకీన్ ఎవరినీ పంపడు. అతనికి దూత అక్కరలేదు. శ్రోతగా ఏ దేవుడూ లేడు. కావ్యం నేరుగా జనం ముందు నిలబడి మాట్లాడుతుంది. ఈ తేడాను ఇద్దరు కవుల స్వభావ భేదంగా, ఒకరు ఉగ్రుడు, ఒకరు కరుణార్ద్రుడు అని వివరించడం సులభమే గాని సరికాదు. జాషువాకు ఉగ్రత తక్కువ కాదు. తేడా శ్రోతలో ఉంది. 1941లో తెలుగు పద్యం చదివే లోకం ఎవరిది? పండిత పరిషత్తులది, అగ్రవర్ణ విద్యావంతులది. అరుంధతీ సుతుడు వారితో ముఖాముఖి మాట్లాడే అవకాశం కావ్యమర్యాదలో లేదు. గబ్బిలంతో మాట్లాడుతున్నట్లు మాట్లాడితే, ఆ మాటలు చాటున విన్నవారు ఈ పాఠకులే అవుతారు. చాటుగా విన్నవాడికి జవాబు చెప్పే హక్కు ఉండదు, చెవులు మూసుకునే వీలూ ఉండదు. సందేశ కావ్యరూపాన్ని జాషువా ఎంచుకోవడంలోని నేర్పు ఇది.

గబ్బిలం ఎన్నిక మరొక కారణం వల్ల కూడా విశేషం. మద్రాసు శాసనసభ 1939లో ఆలయ ప్రవేశానికి వీలు కల్పించే చట్టం చేసింది. ఆ ఏడాది జూలై 8న మధుర మీనాక్షి ఆలయంలోకి దళితులు ప్రవేశించారు. అంతకు మూడేళ్ల ముందు, 1936 నవంబరులో, తిరువాంకూరు మహారాజు ప్రకటన వెలువడింది. తంజావూరు, నెల్లూరు, గుంటూరు అన్నీ అప్పటికి ఒకే రాజధానిలోని జిల్లాలు. ఆలయ ద్వారాల గురించి పత్రికల్లో, వేదికల మీద వాదోపవాదాలు సాగుతున్న రెండేళ్లకే ఈ కావ్యం వచ్చింది. ఆ చర్చ అంతా మనిషిని లోపలికి రానివ్వాలా వద్దా అని. జాషువా ఆ చర్చలో చేరలేదు. ఏ చట్టమూ అనుమతించకుండానే గర్భగుడి కప్పుకు వేలాడుతూ శివుని చెవికి దగ్గరగా ఉండే అశుభ పక్షిని తెచ్చాడు. మనిషికి లేని చనువు దానికుందని చూపించి ఊరుకున్నాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి శివునికి ఎందుకు మొరపెట్టించాడన్న ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం వెతకాలి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన నేల ఇది. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ దారి తెలిసిన కవి కూడా ఫిర్యాదును నిందితుల న్యాయస్థానంలోనే వేయించాడు.

ఇప్పుడు అనువాద సమస్య ఒకటి చూద్దాం. ఇది భాషాశాస్త్ర వినోదం కోసం కాదు. హ్వాకీన్ పలికే వరుస ‘నేను ఫలానా’ అన్న వాక్యాలను తెలుగులోకి తేవాలంటే ఏం జరుగుతుంది? ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉత్తమ పురుష అస్తిత్వ క్రియ ఒకటి విడిగా ఉంది. పేరు దాని పక్కన మార్పు లేకుండా నిలుస్తుంది. తెలుగులో నామవాచకం విధేయంగా వచ్చినప్పుడు క్రియ అవసరం లేదు. ఉత్తమ పురుష ప్రత్యయం నామం ఒంటికే అంటుకుంటుంది. నేను కవిని, నేను సేవకుడను, మేము కూలీలము. అంటే మనిషి ‘తాను ఏమిటో’ చెప్పినప్పుడు ఆ ‘ఏమిటి’ అన్న మాటే రూపం మార్చుకుంటుంది. పైగా నేటి వాడుకలో ‘నేను పేదవాణ్ణి’ అన్న రూపానికీ, ‘పేదవాణ్ణి కొట్టారు’ అన్నప్పటి కర్మరూపానికీ తేడా లేదు. తానెవరో చెప్పుకునే మాటా, తనకు జరిగినదాన్ని చెప్పే మాటా ఒకే రూపంలో వినిపిస్తాయి. కులనామాలతో ఇది మరింత పదును తేలుతుంది. ఇటువంటి పరభాషా వ్యక్తినామాలకు మాత్రం ఈ ప్రత్యయం అంత సహజంగా అతకదు. ‘నేను క్వావ్తేమోక్‌ను’ అంటే కృతకంగా ఉంటుంది, ‘నేను క్వావ్తేమోక్’ అంటే పరిచయ వాక్యంలా ఉంటుంది. గొంజాలెస్ కావ్యంలో చారిత్రక పురుషుడిలో వక్త లీనం కావడాన్ని తెలుగు వాక్యం సహజంగా మోయదు. జాతి, వృత్తి, స్థితి చెప్పే మాటలతో మాత్రం అద్భుతంగా మోస్తుంది. తెలుగు దళిత కవిత్వంలో ‘నేను’ తరచుగా కులనామంతోనో వృత్తినామంతోనో కలిసి రావడానికి ఉద్యమ కారణాలతో పాటు భాషా కారణం కూడా కొంత ఉందని ప్రతిపాదిస్తున్నాను.

హ్వాకీన్ తాను బాధితుడూ బాధకుడూ రెండూ అనగలగడం ఆ కావ్యంలో అత్యంత చర్చకు వచ్చిన అంశం. మెస్తీసో, అంటే స్పానిష్, ఆదివాసీ రక్తాలు కలిసినవాడు, తన దేహంలోనే యుద్ధం జరిగిందని చెప్పగలడు. ఇదాల్గోను చంపినవాడూ తానే, చచ్చిన ఇదాల్గో కూడా తానే. అరుంధతీ సుతుడు ఆ మాట అనగలడా? ఇక్కడ జాషువా జీవితం ఒక విచిత్రమైన సాక్ష్యమిస్తుంది. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టిన ఆయన తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. రక్తసాంకర్యమే ప్రమాణమైతే తెలుగు కవుల్లో హ్వాకీన్‌కు అత్యంత సన్నిహితుడు జాషువాయే. అయినా ఆయన కావ్యంలో సంకరుడు లేడు. కారణం కవి మొగ్గులో కంటే వ్యవస్థ పనితీరులో ఉంది. మెక్సికోలో సాంకర్యం నుంచి మూడవ గుర్తింపు ఒకటి పుట్టింది, దానికి పేరు ఏర్పడింది, చివరికి అది జాతీయ గుర్తింపుగా కూడా మారింది. కులంలో సాంకర్యానికి అటువంటి స్థానం లేదు. బిడ్డ రెండు కులాలవాడు కాడు, కింది కులంవాడు అవుతాడు. పై కులం నుంచి వచ్చిన సగం లెక్కలోకి రాదు. స్వీయచరిత్ర ‘నా కథ’లో జాషువా చిత్రించిన బాల్యానికీ ‘గబ్బిలం’ నాయకుడికీ మధ్య ఈ లెక్క పనిచేస్తోంది. అందుకే హ్వాకీన్ లాగా చరిత్ర మొత్తాన్ని తన రక్తంలోకి పిలుచుకునే వీలు అరుంధతీ సుతుడికి దక్కలేదు.

అయినా చరిత్ర ‘గబ్బిలం’లో విస్తారంగా ఉంది. తంజావూరు నుంచి బయలుదేరిన గబ్బిలం దారిలో తెలుగువారి పూర్వ వైభవ స్థలాలను చూడాలని నాయకుడు కోరతాడు. రాజులు, కవులు, శిల్పాలు, శిథిలాలు. సంప్రదాయ విమర్శ ఈ భాగాలను దేశభక్తిగా, ఆంధ్రాభిమానంగా మెచ్చుకుంది. దళిత విమర్శ కొన్నిసార్లు ఇదే భాగాలను చూసి ఇబ్బంది పడింది. తనను ఊరి బయట ఉంచిన రాజ్యాలను చూసి ఇతడెందుకు పొంగిపోవాలి అన్నది ఆ ఇబ్బంది. రెండు స్పందనలూ పైనుంచి చూసే దృష్టిని విస్మరించాయి. గబ్బిలం ఆ స్థలాల్లో దిగి నివసించదు, ఎగురుతూ చూస్తుంది. నాయకుడు ఆ వైభవాన్ని వర్ణిస్తాడే గాని ‘అది నేను’ అని ఎక్కడా అనడు. చరిత్ర అతనికి దృశ్యం. హ్వాకీన్‌కు అది వంశం. గొంజాలెస్ కావ్యంలోని ‘నేను రాజును’ అన్న ధోరణి ‘గబ్బిలం’లో ‘ఆ రాజు నేలను చూడు’గా మారుతుంది. ఆ చూడమన్న క్రియలో అభిమానం ఎంత ఉందో దూరం కూడా అంతే ఉంది. వాస్తవానికి ఈ దారి వర్ణనల్లో కొన్ని చోట్ల కావ్యవేగం మందగిస్తుంది. మేఘసందేశ మర్యాదను పాటించాలన్న పట్టుదల జాషువాను పక్కకు లాగిన చోట్లున్నాయని ఒప్పుకోవలసిందే. గుడిసె లోపలి సంభాషణకున్న బిగువు ఆకాశయానంలో అంతటా లేదు.

భాష విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే సంకటం. గొంజాలెస్ తన జనాన్ని అణచిన సమాజపు ఇంగ్లీషులో రాశాడు, స్పానిష్ మాటలు దానిలో విడవకుండా ఉంచాడు. ఆ స్పానిష్ కూడా ఒకనాటి విజేతల భాషే. జాషువా తనను బయట నిలబెట్టిన పాండిత్యపు పద్యాన్నే పట్టుకున్నాడు. వృత్తాలు, సీసాలు, తేటగీతులు, సంస్కృత సమాసాలు ఆయన ఆయుధాలు. వచన కవిత అప్పటికే తలెత్తుతోంది, వ్యావహారిక వాదం గెలుస్తోంది, ఆయన అటు పోలేదు. పద్యం రాదని ఎవరూ అనలేని స్థాయిలో రాసి, ఆ తరువాతే చెప్పవలసింది చెప్పాడు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి చేతుల మీదుగా గండపెండేరం తొడిగించుకున్న కవి ఆయన. పద్యానికి వినికిడి జీవితం ఎక్కువ. రంగస్థలంపై సత్యహరిశ్చంద్ర కాటిసీనులో నటులు జాషువా శ్మశాన పద్యాలను కలిపి పాడటం కోస్తా జిల్లాల్లో ఏనాటినుంచో ఉంది. నెల్లూరు సీమలో ఆ సీను కోసమే తెల్లవారుదాకా కూర్చున్న తరాలున్నాయి. ‘వన్స్ మోర్’ అని అరిచినవారిలో ఆ పద్యాల కర్త ఎవరో తెలిసినవారు ఎందరని అడిగితే ఇబ్బందికరమైన సమాధానమే వస్తుంది. హ్వాకీన్ సభల్లో వినబడినప్పుడు కవి పేరు, ఉద్యమం పేరు, వక్త పేరు కలిసే వినబడ్డాయి. జాషువా పద్యం పేరు విడిచి జనంలో తిరిగింది.

ఈ కావ్యాలను ‘ఇతిహాసం’ అనవచ్చునా? ‘ఐ యామ్ హ్వాకీన్’ను అక్కడి విమర్శకులు కొందరు ఎపిక్ అన్నారు. నిడివిని బట్టి చూస్తే మన ఖండకావ్యమంత. ఇతి హ ఆస, ఇలా జరిగింది కదా అన్న వ్యుత్పత్తిని పట్టుకుంటే గొంజాలెస్ రచనకు ఆ మాట కొంత తగుతుంది. ‘గబ్బిలం’ చెప్పేది ఇలా జరిగిందని కాదు, ఇలా జరుగుతోందని. దానికి సందేశ కావ్యమన్న పాత పేరే సరిపోతుంది.

స్త్రీల విషయంలో రెండు కావ్యాలూ తరువాతి తరం చేతుల్లో పరీక్షకు నిలబడవలసి వచ్చింది. హ్వాకీన్ ధరించే పాత్రల్లో స్త్రీలకు దక్కిన చోటు చాలా తక్కువ. నల్లశాలువా కప్పుకుని శోకించే తల్లులు, గ్వాదలూపె మాత, ఆమె వెనుక ఆదివాసీ దేవత తోనాన్‌త్సిన్, ఇంతే. చికానా రచయిత్రులు దీన్ని తీవ్రంగా ప్రశ్నించారు. గ్లోరియా అన్సాల్దువా 1987లో వెలువరించిన ‘బోర్డర్‌ల్యాండ్స్’ మెస్తీసో గుర్తింపును స్త్రీ దేహం నుంచి మళ్లీ నిర్వచించింది. ‘గబ్బిలం’లో మొరపెట్టేవాడు పురుషుడే. ఆకలి, అంటరానితనం అతని నోట వినిపిస్తాయి. అదే గుడిసెలో ఉండదగిన స్త్రీకి ఏ గబ్బిలమూ రాలేదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ తరువాత ఈ లోటును చూడకుండా ఉండటం ఏ పరిశోధకుడికీ సాధ్యం కాదు.

1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఈ రెండు మారణకాండల తరువాత తెలుగు దళిత కవిత్వంలో దూత అవసరం తీరిపోయింది. 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనంలో కవులు దేవుడితో గాని పక్షితో గాని మాట్లాడించరు. ఆ నేపథ్యంలోనే ఎండ్లూరి సుధాకర్ ‘కొత్త గబ్బిలం’ రాశాడు. జాషువా సాహిత్యం మీద పరిశోధన చేసిన కవి, జాషువా పక్షినే తిరిగి పిలవడం వారసత్వ ప్రకటన అనిపిస్తుంది. ఇక్కడ పద్యం స్థానంలో వచనం వచ్చింది, అరుంధతి చాటు తొలగింది, వక్త మాదిగగా ముందుకు వచ్చాడు. గొంజాలెస్ చేసిన నామగ్రహణానికి తెలుగులో దగ్గరిగా వచ్చినది ‘గబ్బిలం’ కంటే ఈ కావ్యమే అనాలి. ‘గబ్బిలం’ను ‘హ్వాకీన్’ పక్కన నేరుగా నిలబెట్టే పరిశోధకులు మధ్యలోని ఈ యాభై ఏళ్ల దూరాన్ని దాటవేస్తున్నారు. దాటవేసిన దూరంలోనే మన సామాజిక చరిత్ర ఉంది.

అయితే ఇక్కడ కూడా దిశ వేరు. హ్వాకీన్ కావ్యం చివర తన జనాన్ని పిలిచే పేర్లన్నిటినీ పేర్చి, ఏ పేరుతో పిలిచినా తాను ఒక్కడే అంటుంది. ఉద్యమానికి ఆనాడు కావలసింది ఆ ఏకత్వం. ప్రకాశం జిల్లా ఈదుముడిలో 1994 జూలై 7న మొదలైన మాదిగ దండోరా అడిగింది దీనికి విరుద్ధమైనది. ‘దళిత’ అన్న ఒక్క పేరు కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ షెడ్యూలులోని 59 కులాల తేడాలు కనబడకుండా పోతున్నాయని, తమ పేరు తమకు విడిగా కావాలని అన్నది. పేర్లకు ‘మాదిగ’ను చేర్చుకోవడం అప్పటి నుంచే విస్తరించింది. ‘కొత్త గబ్బిలం’ ఆ గాలిలో పుట్టిన కావ్యం. రాష్ట్రం చేసిన వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టివేసింది, అదే న్యాయస్థానపు ఏడుగురు సభ్యుల ధర్మాసనం 2024 ఆగస్టు 1న వర్గీకరణకు అనుమతి ఇచ్చింది. హ్వాకీన్ ఐదుగురిని ఒక్కరుగా కలిపిన జాబితాను తిరగేసి గెలిచాడు. ఈదుముడి డప్పు ఒక్కటిగా ఉన్న జాబితాను పేర్లు పేర్లుగా విడదీయమని మోగింది. గొంజాలెస్ కావ్యాన్ని రేపు ఎవరైనా తెలుగు చేస్తే, ఆ చివరి పేర్ల వరుస దగ్గర అనువాదకుడి కలం తప్పక ఆగుతుంది.